మాతృసంస్థ లెక్కలలో అనుబంధసంస్థ

ఇంటి పొదుపులో కొంత భాగమును కంపెనీ వాటాలలో ఉంచుకొను అలవాటు నేడు మన తెలుగు కుటుంబములలో బాగుగ వ్యాపించినది. కొందరు తామే వాటాలు కొందురు. కొందరు మ్యూచువల్ ఫండ్ల ద్వారమున కొందురు. ఉద్యోగులలో పలువురి పింఛను సొమ్ములో కొంత కూడ, వారు ఎరిగియో ఎరుగకయో, ఈ వాటాలలోనే చేరియున్నది. వాటాదారునకు ఏటేట కంపెనీ తన వార్షిక నివేదికను పంపును. పూర్వము తపాలాలో లావుపాటి పుస్తకముగా వచ్చెడిది. ఇప్పుడు చాలమందికి ఈ-మెయిలుగా వచ్చుచున్నది. తెరచి చూచినచో అందు లెక్కలు ఒక వరుస కాదు, రెండు వరుసలు కనిపించును. మొదటివి విడి లెక్కలు. వీనినే స్టాండలోన్ లెక్కలందురు. రెండవవి ఏకీకృత లెక్కలు. పత్రికలలో కన్సాలిడేటెడ్ లెక్కలని వ్రాయునది వీనినే.

ఈ రెండింటి అంకెలు ఒకదానితో ఒకటి కలియవు. ఒక్కొక్కప్పుడు ఆ భేదము మనలను నివ్వెరపరచునంతటిది. 2014-15 ఆర్థిక సంవత్సరమునకు టాటా మోటార్స్ సంస్థ విడి లెక్కలు సుమారు 4,739 కోట్ల రూపాయల నష్టమును చూపినవి. అదే సంస్థ, అదే సంవత్సరమునకు, ఏకీకృత లెక్కలలో సుమారు 13,986 కోట్ల రూపాయల లాభమును చూపినది. నాలుగేండ్లు గడచిన పిమ్మట తక్కెడ తారుమారైనది. 2018-19లో విడి లెక్కలు సుమారు 2,020 కోట్ల లాభమును చూపగా, ఏకీకృత లెక్కలు సుమారు 28,800 కోట్ల నష్టమును చూపినవి.

ఇందులో ఏది నిజము? రెండును ఆడిటర్లు తనిఖీచేసి సంతకము చేసిన లెక్కలే. రెండును చట్టము కోరిన లెక్కలే. మరి ఒక ఇంటి యజమాని, తన కష్టార్జితమును ఆ సంస్థలో ఉంచినవాడు, దేనిని చూచి ధైర్యము తెచ్చుకొనవలెను, దేనిని చూచి జాగ్రత్త పడవలెను? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలెనన్నచో, ఒక సంస్థ వేరొక సంస్థను కొనినప్పుడు ఆ కొనుగోలును తన పుస్తకములలో ఎట్లు వ్రాసికొనునో మనము తెలిసికొనవలెను. విషయము చూచుటకు కఠినము. కాని ఇంటి పద్దులు వ్రాసికొను ఏ గృహిణికైనను ఇది అందరాని విద్య కాదు.

మొదట పేర్ల సంగతి. ఒక కంపెనీ వేరొక కంపెనీని తన అదుపులో ఉంచుకొనినచో మొదటిది మాతృసంస్థ, రెండవది అనుబంధసంస్థ. అదుపనగా నేమి? మన 2013 నాటి కంపెనీల చట్టము రెండు గురుతులు చెప్పినది. అనుబంధసంస్థ డైరెక్టర్ల బోర్డులో ఎవరుండవలెనో నిర్ణయించు శక్తి మాతృసంస్థకు ఉండుట ఒకటి. మొత్తము ఓటు హక్కులో సగమునకు మించిన భాగము దాని చేతిలో ఉండుట రెండవది. ఈ రెండింటిలో ఏది యున్నను చాలును. అనుబంధసంస్థకు మరల ఒక అనుబంధసంస్థ యున్నచో, అదియు మొదటి మాతృసంస్థకు అనుబంధసంస్థయే యగును; మనుమడును వంశములోనివాడే కదా. అయితే పిల్ల తన తల్లిలో వాటాలు కొనుటకు మాత్రము చట్టము సామాన్యముగా ఒప్పుకొనదు.

ఇచట ఒక మెలిక గలదు. తల్లి, పిల్ల అని మనము చుట్టరికము కలిపి చెప్పినను చట్టము దృష్టిలో ఇవి రెండును వేరు వేరు వ్యక్తులు. కంపెనీ అనునది తన వాటాదారులకంటె వేరైన వ్యక్తియని ఇంగ్లండులో ప్రభువుల సభ 1896లో సాలమన్ కేసున తీర్పు చెప్పినది. నాటినుండి ఆ సూత్రము మన దేశపు న్యాయమునకును పునాదియైయున్నది. కనుక పిల్ల చేసిన అప్పునకు తల్లి, తాను హామీ ఇచ్చిననే తప్ప, బాధ్యురాలు కాదు. పిల్ల సంపాదించిన లాభము, అది డివిడెండుగా చేతికి వచ్చువరకు, తల్లిది కాదు. ఆదాయపుపన్ను కూడ ఎవరిది వారే కట్టుకొందురు. వ్యాపారము దృష్టిలో ఒకే కుటుంబము. చట్టము దృష్టిలో వేరింటి కాపురములు. ఈ రెండు దృష్టులనుండియే రెండు వరుసల లెక్కలు పుట్టినవి.

ఇప్పుడొక చిన్న ఉదాహరణ తీసికొందము. అంకెలు ఊహించినవే గాని పద్ధతి వాస్తవమైనది. ఒక మాతృసంస్థ గలదు. దాని మూలధనము 120 లక్షలు. బ్యాంకు అప్పు 80 లక్షలు. ఈ 200 లక్షలలో 140 లక్షలతో మిల్లు, యంత్రములు, సరకు ఏర్పరచుకొనినది. మిగిలిన 60 లక్షలతో వేరొక కంపెనీ వాటాలలో నూటికి 80 వంతులు కొనినది. ఆ రెండవ కంపెనీకి 90 లక్షల ఆస్తియు, 30 లక్షల అప్పును గలవు. అనగా అప్పు పోగా నికరముగ మిగులునది 60 లక్షలు.

మాతృసంస్థ తన విడి లెక్కలలో ఈ కొనుగోలును ఎట్లు వ్రాయును? చాల సులభముగ వ్రాయును. ఆస్తుల వరుసలో ‘అనుబంధసంస్థలో పెట్టుబడి, 60 లక్షలు’ అని ఒక్క పంక్తి. బీరువాలో దాచిన బంగారు గొలుసును కొనిన ధరకు పద్దు వ్రాసికొనినట్లే. దీనికి కొన్న ధర పద్ధతి యని పేరు. పిల్ల సంస్థలో ఎన్ని యంత్రములున్నవి, ఎంత అప్పున్నది, సరకు అమ్ముడుపోవుచున్నదా, మూలుగుచున్నదా అను సంగతులేవియు ఆ ఒక్క పంక్తిలో కనిపింపవు.

ఒక సంవత్సరము గడచినది. పిల్ల సంస్థకు 10 లక్షల లాభము వచ్చినది. అందులో 5 లక్షలు డివిడెండుగా పంచినది. నూటికి 80 వంతుల చొప్పున తల్లికి 4 లక్షలు చేరినవి. విడి లెక్కలలో తల్లి ఈ 4 లక్షలను మాత్రమే ఆదాయముగ వ్రాసికొనును. పెట్టుబడి పంక్తి మాత్రము 60 లక్షలవద్దనే నిలిచియుండును. పిల్ల 10 లక్షలు సంపాదించి ఒక్క రూపాయి పంచకున్నను తల్లి లెక్కలో ఆదాయము సున్న. పిల్ల ఏమియు సంపాదింపక, పూర్వపు నిల్వలనుండియో, అప్పు తెచ్చిన సొమ్ముతోనో పాత లాభములను ఈ యేడు పంచిపెట్టినచో, తల్లి లెక్కలో ఆదాయము కళకళలాడును. ఎప్పుడు పంచవలెనో, ఎంత పంచవలెనో నిర్ణయించునది ఎవరు? బోర్డును చేతిలో ఉంచుకొనిన తల్లియే. అనగా తన ఆదాయము ఏ యేడు ఎంత కనిపింపవలెనో తల్లి తానే కొంతవరకు తీర్చిదిద్దుకొనవచ్చును. విడి లెక్కలను ఒంటరిగా చదువుటలోనున్న మొదటి ప్రమాదమిది.

రెండవ ప్రమాదము నష్టమునకు సంబంధించినది. పిల్ల సంస్థ ఏటేట నష్టపోవుచున్నను తల్లి పుస్తకములో 60 లక్షల పంక్తి తనంత తాను తగ్గదు. పెట్టుబడి విలువ దెబ్బతినినదని తోచినప్పుడు పరీక్షించి, తిరిగి రాదగిన విలువ తగ్గినచో ఆ మేరకు కోతపెట్టి నష్టముగ వ్రాయవలెనని గణక ప్రమాణములు శాసించుచున్నవి. కాని ఆ తగ్గుదలను అంచనా కట్టునది యాజమాన్యమే. ఆ అంచనా రాబోవు కాలమందలి ఆశలపై ఆధారపడియుండును. ఆశావాదికి ఎండిన చెట్టుకూడ చిగిర్చునట్లే కనిపించును.

ఈ లోపములను తీర్చుటకే ఏకీకృత లెక్కలు ఏర్పడినవి. వీని మూలసూత్రము ఒకటే. తల్లిని, పిల్లలను కలిపి ఒకే గృహమైనట్లు భావించి లెక్క వ్రాయవలెను. అప్పుడు ‘పెట్టుబడి’ యను ఆ ఒక్క పంక్తిని తీసివేసి, దాని స్థానమున పిల్ల సంస్థ ఆస్తులను, అప్పులను పంక్తికి పంక్తిగ తల్లి ఆస్తులతోను, అప్పులతోను కూడవలెను. బీరువాకు వెలుపల అంటించిన చీటీని చించివేసి, తలుపు తెరచి, లోపలనున్న వస్తువులన్నింటిని వరుసగా లెక్కించుట వంటిది.

మన ఉదాహరణలో, కొనిన నాటి లెక్క చూతము. తల్లి ఆస్తి 140 లక్షలు, పిల్ల ఆస్తి 90 లక్షలు కలిపి 230 లక్షలు. అప్పులు 80 లక్షలును 30 లక్షలును కలిపి 110 లక్షలు. పిల్ల నికర ఆస్తి 60 లక్షలు కదా; అందులో నూటికి 80 వంతులనగా 48 లక్షలు. దీనికై తల్లి ఇచ్చినది 60 లక్షలు. తక్కిన 12 లక్షలు ఎందులకిచ్చినట్లు? ఆ సంస్థకున్న పేరునకు, ఖాతాదారుల నమ్మకమునకు, పనివారి నేర్పునకు, రెండు సంస్థలు కలిసినందువలన వచ్చునని ఆశించిన లాభమునకు. ఈ 12 లక్షలకు గుడ్‌విల్ అని పేరు. ఇది కంటికి కనిపింపని ఆస్తి. దీనిని కూడ చేర్చగా మొత్తము ఆస్తి 242 లక్షలగును.

ఇక పిల్ల సంస్థలో నూటికి 20 వంతులు బయటివారివి. వారి భాగము 12 లక్షలు. మనము పిల్ల ఆస్తులను పూర్తిగా లెక్కలో చేర్చితిమి కనుక, అందు పరుల సొమ్మెంత యున్నదో స్పష్టముగ చూపవలెను. దీనిని అదుపులేని వాటాదారుల భాగమందురు. పూర్వము అల్పసంఖ్యాక వాటాదారుల భాగమని వ్యవహరించెడివారు. ఇప్పుడు సరిచూడుడు: అప్పులు 110, బయటివారి భాగము 12, తల్లి మూలధనము 120, మొత్తము 242. రెండు వైపులు సరిపోయినవి. విడి లెక్కలలో 80 లక్షల అప్పు కనిపించిన సంస్థ, కుటుంబముగా చూచినప్పుడు 110 లక్షల అప్పు మోయుచున్నదని మనకు ఇప్పుడు తెలిసినది. ఈ 30 లక్షలు తెలియకపోవుట చిన్న సంగతి కాదు. వాటా కొనునది కుటుంబమంతటిని చూచి గదా.

సంవత్సరాంతమున పిల్లకు వచ్చిన 10 లక్షల లాభము ఏకీకృత లెక్కలలో పూర్తిగ చేరును. అందులో 2 లక్షలు బయటివారివని, 8 లక్షలు తల్లి వాటాదారులవని విడదీసి చూపుదురు. తల్లికి వచ్చిన 4 లక్షల డివిడెండు మాత్రము ఆదాయములో కనిపింపదు. వంటింటి డబ్బానుండి పెట్టెలోనికి మార్చిన రూకలవలన ఇంటి సంపద పెరగదు కదా.

ఇదే న్యాయము తల్లీపిల్లల నడుమ జరుగు అమ్మకములకును వర్తించును. తల్లి 8 లక్షల ఖర్చుతో నూలు వడికి, పిల్లకు 10 లక్షలకు అమ్మినదనుకొందము. ఆ నూలు సంవత్సరాంతమునకు పిల్ల గోదాములోనే నిలిచియున్నది. తల్లి విడి లెక్కలో 2 లక్షల లాభము నిక్షేపముగ కనిపించును. కాని బయటివాడెవడును ఒక్క మూర నూలు కొనలేదు. ఏకీకృత లెక్కలలో ఆ అమ్మకమును, ఆ 2 లక్షల లాభమును కొట్టివేసి, నూలును 8 లక్షల విలువకే చూపుదురు. ఈ కొట్టివేత నియమము లేనిచో, ఎవ్వరైనను నాలుగు పిల్ల సంస్థలు నెలకొల్పి, ఒకే సరకును ఒకరికొకరు అమ్ముకొని, కాగితముపై కోటీశ్వరులు కావచ్చును.

కొన్న ధర పద్ధతికిని, పూర్తిగ కలుపుటకును నడుమ మరియొక పద్ధతి గలదు. దానికి ఈక్విటీ పద్ధతి యని పేరు. పెట్టుబడిని ఒక్క పంక్తిగనే ఉంచి, పిల్ల లాభములో తన భాగమును దానికి కలుపుచు, డివిడెండును దానినుండి తీసివేయుచు పోవుదురు. మన ఉదాహరణలో 60 లక్షలకు 8 కలిపి 4 తీసివేయగా 64 లక్షలగును. పిల్ల నికర ఆస్తి ఇప్పుడు 65 లక్షలు. అందు నూటికి 80 వంతులు 52. గుడ్‌విల్ 12 కలుపగా మరల 64. లెక్క సరిపోయినది. అదుపు లేక, పలుకుబడి మాత్రమే యున్న సహచర సంస్థల విషయమున ఏకీకృత లెక్కలలో ఈ పద్ధతిని వాడుదురు. అంతర్జాతీయ ప్రమాణములు విడి లెక్కలలో కూడ దీనికి అనుమతి ఇచ్చినవి. మన దేశపు ప్రమాణము మాత్రము ఈ విషయమున వేరుదారి త్రొక్కి, విడి లెక్కలలో అనుబంధసంస్థను కొన్న ధరకో, బజారు విలువను అనుసరించు పద్ధతిలోనో చూపవలెనని నిర్దేశించినది.

ఈ ఏకీకరణ మన దేశమునకు ఆలస్యముగ వచ్చినది. అమెరికాలో యునైటెడ్ స్టేట్స్ స్టీల్ సంస్థ తన 1902 సంవత్సరపు లెక్కలనే ఏకీకృతముగ ప్రకటించినది. ఇంగ్లండులో 1948 నాటి కంపెనీల చట్టము సమూహపు లెక్కలను కోరినది. మన 1956 నాటి చట్టము, అనుబంధసంస్థల లెక్కలను మాతృసంస్థ లెక్కలకు జతచేసిన చాలునన్నది. జతచేయుట వేరు, కలిపి చూపుట వేరు. పది పుస్తకములు ఒకే దారముతో కుట్టి ఇచ్చినంతమాత్రమున వాటాదారునకు ఒకే లెక్క దొరకదు. కూడికలు, తీసివేతలు అతడే చేసికొనవలెను. 2001లో మన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఏకీకృత లెక్కలకై 21వ గణక ప్రమాణమును వెలువరించినది. స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైన కంపెనీలు వానిని ప్రకటింపవలసివచ్చినది. తుదకు 2013 నాటి చట్టము 129వ సెక్షను ద్వారమున, కొన్ని మినహాయింపులతో, అనుబంధసంస్థలున్న ప్రతి కంపెనీయు ఏకీకృత లెక్కలు సిద్ధపరచవలెనని శాసించినది. 2016 నుండి పెద్ద సంస్థలకు అంతర్జాతీయ ప్రమాణములకు దగ్గరగనున్న క్రొత్త భారతీయ ప్రమాణములు దశలవారీగ అమలులోనికి వచ్చినవి.

ఇప్పుడు మనము మొదట చెప్పుకొనిన టాటా మోటార్స్ ముడిని విప్పవచ్చును. 2008 జూన్‌లో ఆ సంస్థ ఫోర్డు కంపెనీనుండి జాగ్వార్, ల్యాండ్ రోవర్ అను బ్రిటిష్ కార్ల వ్యాపారములను 230 కోట్ల డాలర్లకు కొనినది. 2014-15లో ఆ కార్లకు విదేశములలో మంచి గిరాకి యుండెను. దేశములోని వాహనముల వ్యాపారము మాత్రము దెబ్బతినియుండెను. విడి లెక్కలు దేశములోని వ్యాపారమును చూపినవి కనుక నష్టము. ఏకీకృత లెక్కలు విదేశములోని పిల్ల లాభమును కూడ చేర్చినవి కనుక లాభము.

అప్పుడు వాటాదారుల గతి ఏమైనది? పత్రికలలో పదమూడువేల కోట్లకు పైబడిన లాభమని చదివినవారు డివిడెండుకై ఎదురుచూచియుందురు. కాని డివిడెండు ఇచ్చునది కుటుంబము కాదు. చట్టము గుర్తించిన ఆ ఒక్క కంపెనీ. దాని విడి లెక్కలలో నష్టము వచ్చినందున, నాటి డివిడెండు నిబంధనల ననుసరించి ఆ సంవత్సరమునకు వాటాదారులకు ఏమియు ఇయ్యబడలేదు. ఏకీకృత లెక్కలు సంపద ఎంతయో చెప్పును. విడి లెక్కలు ఆ సంపదలో చేతికందగలది ఎంతయో చెప్పును. డివిడెండుపై ఆధారపడి నెలలు గడుపుకొను వృద్ధదంపతులకు ఈ భేదము పుస్తకముల చర్చ కాదు. ఇంటి ఖర్చుల సంగతి.

2018-19లో కథ తిరుగబడినది. చైనాలో అమ్మకములు పడిపోయినవి. డీజిలు కార్లపై యూరపులో విముఖత పెరిగినది. విద్యుత్ వాహనములవైపు మార్పు వేగము పుంజుకొనినది. ఆ పరిస్థితులలో బ్రిటనులోని సంస్థ తన ఆస్తులు రాబోవు కాలమున పూర్వము అనుకొనినంత రాబడిని ఈయవని గుర్తించి, ఒక్క మూడు నెలల కాలములోనే 310 కోట్ల పౌండ్ల విలువను తగ్గించి వ్రాసికొనినది. ఆ దెబ్బ ఏకీకృత లెక్కలలో నిండుగ కనిపించినది. తల్లి విడి లెక్కలలో మాత్రము లాభమే నిలిచినది. కేవలము విడి లెక్కలు చదివినవానికి ఆ యేడు సంస్థ కుదురుగనున్నట్లే తోచియుండును. 2025లో ఆ సంస్థ వాణిజ్య వాహనములకు ఒకటి, ప్రయాణికుల వాహనములకు వేరొకటిగ రెండు కంపెనీలుగ విభజింపబడినది. కాని ఆ రెండు సంవత్సరముల అంకెలు నేర్పిన పాఠము పాతబడలేదు.

గుడ్‌విల్ సంగతియు ఇట్టిదే. కొనినవారు ఎక్కువ ధర పెట్టినచో ఆ ఎక్కువంతయు గుడ్‌విల్‌గా నిలుచును. క్రొత్త ప్రమాణముల ప్రకారము దానిని ఏటేట కొంచెము కొంచెముగ తరుగు వ్రాయరు, ఏటేట పరీక్షింతురు. పరీక్షలో తప్పినచో ఒక్కసారి పెద్ద కోత పడును. 2007లో టాటా స్టీల్ సంస్థ కోరస్ అను యూరపు ఉక్కు సంస్థను సుమారు 620 కోట్ల పౌండ్లకు కొనినది. మరుసటి యేటనే ప్రపంచమంతట మాంద్యము వచ్చినది. 2012-13 లెక్కలలో ఆ సంస్థ గుడ్‌విల్‌లోను, ఇతర ఆస్తులలోను కలిపి 8,000 కోట్ల రూపాయలకు పైబడిన విలువను తగ్గించి వ్రాయవలసివచ్చినది. ఆ యేడు చేతినుండి పోయిన నగదు కాదది. ఏండ్ల క్రిందట కొనుగోలునాడే పోయిన నగదునకు ఆలస్యముగ వ్రాసిన రసీదు.

పిల్ల సంస్థల కొనుగోలు కేవలము లెక్కల విషయము కాదనుటకు మన హైదరాబాదుననే ఒక నిదర్శనము గలదు. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, సంస్థను నెలకొల్పిన కుటుంబమునకు సంబంధించిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనుటకు తీర్మానించినది. ఒకదానిలో నూటికి నూరు వంతులు, వేరొకదానిలో 51 వంతులు. అనగా రెండును అనుబంధసంస్థలు కావలసినవే. వాటాదారులు భగ్గుమనగా కొద్ది గంటలలోనే ఆ తీర్మానమును వెనుకకు తీసికొనిరి. 2009 జనవరి 7న సంస్థ అధ్యక్షుడు వ్రాసిన లేఖ వలన అసలు గుట్టు బయటపడినది. పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనివే. లేని ఆస్తుల స్థానమున ఉన్న ఆస్తులను నింపుటకు ఆ కొనుగోలు కడపటి ప్రయత్నమని ఆ లేఖయే ఒప్పుకొనినది. ఆ యెత్తు ఎట్టిదో ఇప్పుడు మనకు సులభముగ బోధపడును. కొనుగోలు జరిగినచో లేని నగదు పద్దు తగ్గి, ‘అనుబంధసంస్థలో పెట్టుబడి’ యను పంక్తి పుట్టును. ఆ ఒక్క పంక్తి ఎంతటి శూన్యమునైనను కప్పగలదు. నాడు దానిని ఆపినది వాటాదారుల జాగరూకత.

కనుక ఈసారి వార్షిక నివేదిక వచ్చినప్పుడు మనము ఏయే చోటులు చూడవలెను? మొదట రెండు వరుసల లాభములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. అంతరము ఎక్కువగనున్నచో దానికి కారణమైన పిల్ల సంస్థ యేదో వెదకవలెను. అనుబంధసంస్థలన్నింటి మూలధనము, ఆస్తులు, అప్పులు, లాభనష్టములు తెలుపు ఒక పట్టిక నివేదికలోనే యుండును. ఏఓసీ-1 అని దాని పేరు. ఇన్ని పుటలలో పట్టించుకొనువారు తక్కువైనను ఎక్కువ నిజము చెప్పు పుట యిదియే.

తరువాత అప్పులను చూడవలెను. విడి లెక్కలలో అప్పు స్వల్పమై, ఏకీకృత లెక్కలలో బరువైనచో, ఆ బరువు పిల్లల భుజములపైనున్నదని అర్థము. ఆ అప్పులకు తల్లి హామీ ఇచ్చినదా యని కూడ చూడవలెను. ఆ వివరము సంభావ్య బాధ్యతల క్రింద దొరకును. విడి లెక్కలలోని ఇతర ఆదాయములో పిల్లలనుండి వచ్చిన డివిడెండు ఎంతయో గమనింపవలెను. నికర ఆస్తులలో గుడ్‌విల్ ఎంత భాగము ఆక్రమించినదో లెక్కించుకొనవలెను. బయటి వాటాదారుల భాగము పెద్దదైనచో, కనిపించు లాభమంతయు మనది కాదని గుర్తుంచుకొనవలెను. కడపట ఆడిటరు నివేదిక చదువవలెను. పిల్ల సంస్థలలో ఎన్నింటిని తాము స్వయముగ తనిఖీ చేసిరో, ఎన్నింటి విషయమున ఇతర ఆడిటర్ల మాటపై ఆధారపడిరో వారు అందు చెప్పియుందురు.

ఈ పని చేయుటకు గణకశాస్త్ర పట్టము అక్కరలేదు. ఒక గంట తీరిక, ఒక కాగితము, ఒక పెన్సిలు చాలును. మొదటి యేడు కొంత కష్టముగ తోచును. రెండవ యేడు గతసంవత్సరపు కాగితమును ప్రక్కన పెట్టుకొని చూచినచో, ఏ పిల్ల సంస్థ బలపడుచున్నదో, ఏది కృశించుచున్నదో, తల్లి ఎవరి సంపాదనపై నిలిచియున్నదో తేటపడును. సంబంధము కుదుర్చుకొనబోవునప్పుడు మనవారు పెండ్లికుమారుని జీతము ఒక్కటే అడిగి ఊరుకొనరు. ఆ యింటి అప్పులు, ఆస్తులు, వాటాలు పంచుకొను అన్నదమ్ములు, అన్నియు విచారింతురు. వాటా కొనుటయు ఒక యింటితో సంబంధము కలుపుకొనుటయే గనుక, ఆ విచారణ ఇచటను అవసరమే.